యంత్రమునకు స్పర్శజ్ఞానము

శబ్దమును తంతి మోసినది. రూపమును తెర మోసినది. స్పర్శ మాత్రము నిన్నమొన్నటి వరకు మనుష్యుని చర్మమును దాటి వెలుపలికి పోలేదు. వేయిమైళ్ల దూరముననున్న కుమారుని కంఠస్వరమును తల్లి నేడు వినగలదు. వాని ముఖమును చూడగలదు. కాని వాని నుదుట చేయివేసి జ్వరమున్నదో లేదో చెప్పజాలదు. జ్ఞానేంద్రియములైదింటిలో త్వగింద్రియము చిరకాలము శాస్త్రజ్ఞుల చేతికి చిక్కక మిగిలియుండెను. ఇప్పుడదియును చిక్కుచున్నది. స్పర్శను కొలుచుట, స్పర్శను దూరమునకు పంపుట, వస్తువును తాకి తెలిసికొనుట యంత్రమునకు నేర్పుట, యంత్రము తాకినదానిని మరల మనుష్యుని చర్మమునకు తెలియజేయుట - ఈ నాలుగు పనులును నేడు అమెరికా, ఐరోపా, జపాను దేశముల ప్రయోగశాలలందు ఒక ప్రత్యేక శాస్త్రముగా వర్ధిల్లుచున్నవి. గ్రీకు పదమునుబట్టి దానికి హాప్టిక్సు అని పేరిడిరి. మనము స్పర్శశాస్త్రమందము.

ఇది ధనికదేశముల వినోదమనియు, కూటికి గుడ్డకు తడుముకొను ప్రజలున్న దేశమున దీని ప్రసక్తి యేలయనియు మన పాఠకులలో గొందఱు తలపవచ్చును. మా యభిప్రాయము దీనికి కేవలము విరుద్ధము. చేతితో బ్రదుకువారు కోట్లకొలది గల దేశము మనది. చేతికి శక్తి నిచ్చు శాస్త్రము, చేతిని ప్రమాదమునుండి తప్పించు శాస్త్రము, పోయిన చేతికి మాఱుగా మఱియొక చేతినిచ్చు శాస్త్రము మనకు గాక మఱెవ్వరికి కావలెను? అయితే దీని ఫలము మొట్టమొదట ఎవరి చేతికి అందవలెను? వినోదమందిరమున కూర్చుండిన ధనికుని చేతికా, మురుగుగోతిలో దిగుచున్న కూలివాని చేతికా? ఈ ప్రశ్నమునకు శాస్త్రజ్ఞుడు తనంత తాను సమాధానము చెప్పడు. ప్రజలే చెప్పవలెను.

ముందుగా స్పర్శయననేమో విచారింతము. కన్నుపోయినవానిని జూచి లోకము జాలిపడును. చెవి పోయినవానితో గట్టిగా మాటలాడును. స్పర్శ పోయినవాడొకడుండునని తలపనైన తలపదు. 1971లో ఇంగ్లీషు యువకుడొకనికి, పందొమ్మిదేండ్ల వయస్సున, జాడ్యము సోకి మెడకు దిగువ స్పర్శజ్ఞానమును, అవయవముల స్థితిజ్ఞానమును నశించిపోయెను. కండరములు చెడలేదు. బలము తఱుగలేదు. అయినను అతడు లేచి నిలువలేకపోయెను. తన చేయి యెక్కడనున్నదో కంటితో చూచిననేగాని యతనికి తెలియదయ్యెను. దీపమార్పినచో ఒడలు నిలుపుకొనలేడయ్యెను. చూపునే ఊతకోలగా జేసికొని మరల నడక నేర్చుటకు నెలలకొలది పాటుపడవలసి వచ్చెను. దీనినిబట్టి స్పర్శ కేవలము సుఖదుఃఖముల నెఱుగు ఇంద్రియము కాదనియు, కర్మమునకంతకును మూలమైన జ్ఞానమనియు స్పష్టమగుచున్నది. మెతుకు పట్టి చూచు ఇల్లాలు, నాడి పట్టి చూచు వైద్యుడు, పురి పట్టి చూచు నేతగాడు, మట్టిని నలిపి పదును చెప్పు రైతు - వీరి విద్య యంతయు వ్రేలికొనలయందున్నది. ఈ విద్యను పుస్తకమున వ్రాయుట కష్టము. అందుచేతనే చదువుకొన్నవారు దానిని విద్యయని చాలకాలము ఒప్పుకొనలేదు.

జర్మనీదేశమున లైప్‌జిగు నగరమునందలి ఆచార్య వేబరు 1834లో స్పర్శనుగూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. రెండు మొనలను శరీరముపై నానించి, అవి రెండని మనుష్యుడెంత దూరమున గుర్తింపగలడో ఆయన కొలిచెను. వ్రేలికొనపై రెండు మూడు మిల్లీమీటర్ల యెడమున్నను రెండుగనే తెలియును. వీపుపై నంతకు ఎన్నోరెట్లు దూరముననున్నను ఒక్కటిగనే తోచును. తరువాత స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 1970-80 దశకమున మనుష్యుని నాడులలోని సంకేతములను నేరుగా వినుచు, ఒక్క అఱచేతియందు వ్రేళ్లతోగూడ సుమారు 17,000 స్పర్శగ్రాహకములున్నవని లెక్కించిరి. అవి నాలుగు తెగలు. అంచులను గుఱుతించునది యొకటి; వస్తువు చేజారుట నెఱుగునది యొకటి; కంపమును పట్టునది యొకటి; చర్మము సాగుట నెఱుగునది యొకటి. వేడిమిని, ఒత్తిడిని నాడులు గ్రహించు ద్వారములను కనిపెట్టినందులకు డేవిడ్ జూలియసు, ఆర్డెం పటపూటియను అను శాస్త్రజ్ఞులిరువురకు 2021లో నోబెలు బహుమానమొసగబడినది. చేతిగాజు చప్పుడు వెనుక నింత శాస్త్రమున్నదని మన పూర్వులెఱుగకపోయినను, ఇప్పుడు మన మెఱుగకుండుట తగదు.

యంత్రమునకు స్పర్శ నేర్పు ప్రయత్నము భయమువలన పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధానంతరమున అమెరికాలోని ఆర్గాను జాతీయ ప్రయోగశాలలో అణుధార్మిక పదార్థములను చేతితో ముట్టుట ప్రాణాంతకమయ్యెను. రేమండు గోర్ట్జు అను ఇంజనీరు దళసరిగోడకు ఈవల మనుష్యుని చేతిపిడులను, ఆవల ఇనుప చేతులను అమర్చి, ఈవలి చేయి కదలినట్లు ఆవలిచేయి కదలునట్లు చేసెను. ఆవలిచేతికి తగిలిన ప్రతిఘాతము ఈవలిచేతికి తెలియనిచో గాజుపాత్రలు పగులుచుండెను. కావున 1954నాటికి విద్యుత్తుచే నడచుచు, బలమును మరల మనుష్యుని చేతికి తెలియజేయు యంత్రహస్తములను సిద్ధపఱచెను. స్పర్శశాస్త్రమున నేడు కానవచ్చు అద్భుతములకెల్ల ఇదియే పునాది. ఆ పునాదిరాయి మీద చెక్కియున్న నీతి యేమన - మనుష్యుడు పోరాని చోటికి యంత్రము పోవలెను. పనిలోని తెలివి మాత్రము మనుష్యుని చేతియందే యుండవలెను. ఈ నీతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

స్పర్శను పంపుట చిత్రమును పంపుటకంటె కష్టము. చలనచిత్రమున క్షణమునకు ఇరువదినాలుగు బొమ్మలు చాలును, కన్ను మోసపోవును. చేయి అంత సులభముగా మోసపోదు. గట్టి గోడను తాకినట్లు భ్రమ కలిగించుటకు యంత్రము క్షణమునకు సుమారు వేయిమారులు బలమును సరిచూచుచుండవలెను; కొంచెమాలస్యమైనను గోడ జిగురువలె మెత్తబడును, లేక యంత్రము వణకును. మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో 1993-94 ప్రాంతమున థామసు మాసీ, కెనెతు సాలిస్‌బరీలు నిర్మించిన ఫాంటము అను చిన్న యంత్రము ఈ చిక్కును చాలవరకు విడదీసెను. 2002 అక్టోబరులో, భారతదేశమునుండి వెళ్లి అచ్చటనే స్పర్శ ప్రయోగశాలను స్థాపించిన ఆచార్య మండయం శ్రీనివాసను బృందమువారును, లండను విశ్వవిద్యాలయ కళాశాలవారును అట్లాంటికు మహాసముద్రమునకు చెఱియొక యొడ్డున నుండి, తెరపైనున్న యొక ఘనమును ఇరువైపులనుండి పట్టి పైకెత్తిరి. ఒకరి త్రోపుడు మఱియొకరి చేతికి తెలిసెను. ఈ విద్య మన గడపలోనికిని వచ్చినది. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య మణివణ్ణను ప్రభృతులు దీనియందు కృషిచేయుచున్నారు.

దీని ప్రయోజనము చూడుడు. 2001 సెప్టెంబరు 7వ తేదీన న్యూయార్కునందున్న ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాక్ మారెస్కో, ఫ్రాన్సుదేశమున స్ట్రాస్‌బర్గులో నున్న యొక రోగి పిత్తాశయమును యంత్రహస్తములతో తొలగించెను. 2000 సంవత్సరమున అమెరికాలో అనుమతి పొందిన డావించీ యంత్రముతో లోకమున లక్షలకొలది శస్త్రచికిత్సలు జరిగినవి. కాని వైద్యుడు కంటితో చూచుటయేగాని, దారమెంత బిగిసినదో, కండ యెంత లాగబడినదో అతని చేతికి తెలియదు. బలమును తెలుపు పరికరములతో కూడిన ఐదవతరపు యంత్రము 2024లో గాని అనుమతి పొందలేదు. 2025 జనవరిలో గురుగ్రాములో కూర్చుండిన వైద్యుడు జయపురమునందలి రోగికి దేశీయముగా నిర్మింపబడిన యంత్రముతో హృదయశస్త్రచికిత్స గావించెను. ఏజెన్సీ కొండలలో నున్న రోగి మహానగరమునకు డోలీపై మోయబడుటకు బదులు, మహానగరపు వైద్యుని హస్తమే కొండకు పోవు దినము శాస్త్రమునకు దూరము కాదు; దూరమైనచో పాలకుల సంకల్పమునకే దూరము.

ఒంటిపై ధరించు యంత్రములు మఱియొక శాఖ. సెల్‌ఫోను జేబులో వణకి పిలుచుట మన మెఱిగినదే. అది ఈ విద్యకు ఓనమాలు. జపానునందు త్సుకూబా విశ్వవిద్యాలయపు ఆచార్య సంకాయి నిర్మించిన కవచము, నడువదలచిన రోగి చర్మముపై పుట్టు సూక్ష్మ విద్యుత్సంకేతములను గ్రహించి, కాళ్లకు తోడు పడును. ఇటలీలో సియెన్నా నగరమున ఆచార్య ప్రాటికిజ్జో బృందము పక్షవాతముచే చేయి పట్టుదప్పినవారికి మణికట్టు దాపున ఆఱవ వ్రేలినొకదానిని తొడిగి, సీసాను పట్టి మూత తీయుటవంటి పనులు తిరిగి చేయించుచున్నది. చేయి తెగిపోయిన డెన్మార్కు దేశీయునొకని భుజమునందలి నాడులకు ఐరోపా శాస్త్రజ్ఞులు తంతులను గూర్చి, కృత్రిమహస్తము పట్టిన వస్తువు గట్టిదో మెత్తనిదో, గుండ్రనిదో కాదో కండ్లుమూసికొని చెప్పునట్లు చేసి, ఆ వృత్తాంతమును 2014లో ప్రకటించిరి. తొమ్మిదేండ్ల తరువాత తన చేతిలో వస్తువున్నదని యెఱిగిన యా మనుష్యుని ఆనందము నెవరు కొలువగలరు?

ఇట్టి యంత్రములను మానవకేంద్రకములని శాస్త్రజ్ఞులు పిలుచుచున్నారు. ఆ మాటను మనము పరీక్షింపక అంగీకరింపరాదు. రోబో యను పదము చెకోస్లొవాకియా రచయిత కారెల్ చాపెకు నాటకముమూలమున 1920-21లో లోకమునకు వచ్చినది. దానికి మూలమైన చెకు పదమునకు వెట్టిచాకిరియని యర్థము. వెట్టియను మాట తెలుగువారికి నిఘంటువులో చూడనక్కఱలేదు. దానిని తొలగించుకొనుటకై తెలంగాణమున ఎంత రక్తము చిందినదో మన మెఱుగుదుము. వెట్టి మనుష్యునినుండి యంత్రమునకు పోయినచో అది నాగరకత. యంత్రము వేగమునకు మనుష్యుడు వెట్టివాడైనచో అది క్రొత్త దొరతనము. 1961లో అమెరికా మోటారు కర్మాగారమున మొదటి యంత్రహస్తము పనికి నిలువబడినది మొదలు, అట్టి హస్తములు మనుష్యుని తాకినచో ఎముకలు విఱిచివేయగలవు గనుక వానిని కంచెలలోపల నుంచిరి. స్పర్శజ్ఞానము కలిగిన యంత్రము మనుష్యుని ప్రక్కన నిలిచి, అతడు తగిలినంతనే ఆగి, అతని త్రోపునకు లొంగి పనిచేయును. మానవకేంద్రకమనగా మొదట నిదియే. కాని యింతటితో చాలదు. ఎవని బాధ చూచి యంత్రము పుట్టినది, ఎవని యధీనమున నున్నది, వాడు కొనగలడా, చెడినచో బాగుచేసికొనగలడా - ఈ నాలుగు ప్రశ్నములకు సమాధానము చెప్పగలిగిన యంత్రమే మానవకేంద్రకము.

ఈ కొలతతో చూచినచో మనవారి కృషి తక్కువది కాదు. ముంజేతి కంకణమునకు అద్దమేల? పోచంపల్లి పట్టుచీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారపు చట్రముమీది మేకుల చుట్టు నూలును అటునిటు వేలమారులు త్రిప్పవలెను. ఆ పని చేయు స్త్రీల భుజములు నొప్పిచే బిగిసిపోవుచుండెడివి. ఆలేరు ప్రాంతపు నేతకుటుంబమున బుట్టిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మమ్మ పడు బాధ చూడజాలక, పెద్ద చదువు లేకయే, ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఆ యంత్రమునకు పుట్టుచోటు తల్లి భుజము. 1968లో జయపురమున శిల్పి రామచంద్రశర్మయు, వైద్యుడు ప్రమోదకరణ సేఠీయు చేసిన కృత్రిమపాదము, పాదరక్ష లేక నడచువారికి, గొంతుకూర్చుండువారికి, పొలమున బురదలో దిగువారికి పనికివచ్చునట్లు నిర్మింపబడినది. పాశ్చాత్యుల పాదము బూటులో నిముడుటకై చేయబడినది గనుక మనవారికి పనికిరాకపోయెను. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో అబ్దుల్ కలాము బృందము చేసిన తేలికపదార్థమును నిమ్సు ఆసుపత్రి వైద్యుడొకడు చేతబట్టి చూచి, పోలియో పిల్లల కాలిపట్టాలను దానితో చేయరాదాయని యడిగెను. మూడు కిలోలకు మించి బరువైన పట్టా 300 గ్రాములకు దిగెను. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య బాలకృష్ణను బృందము 2014లో వెలువరించిన స్మార్టుకేను, అంధుని చేతికఱ్ఱకు తగిలింపబడి, మోకాలికి పైన నున్న అడ్డములను శబ్దతరంగములచే కనిపెట్టి పిడిని వణకించి తెలుపును. దాని వెల ఆనాడు సుమారు 3,000 రూపాయలు. అదే యేట సికిందరాబాదు యువకులు లేచలు అను పేర, పోవలసిన దిక్కున వణకి త్రోవ చెప్పు పాదరక్షలను ప్రకటించిరి. వీనిలో నొక్కటియు అద్దాలమేడలో పుట్టిన కోరిక కాదు. ప్రతియొక్కటియు ఒక శరీరబాధనుండి పుట్టినది.

ఇంతవరకు చెప్పినది సంతోషింపదగినది. ఇక చెప్పవలసినది సిగ్గుపడదగినది.

2016లో అమెరికా స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్య ఉస్సామా ఖాతిబు, ఓషన్ వన్ అను మరమనిషిని ఫ్రాన్సుతీరమున సముద్రములోనికి దింపెను. 1664లో మునిగిపోయిన పదునాలుగవ లూయీ రాజు ఓడ సుమారు 100 మీటర్ల లోతున పడియున్నది. ఆచార్యుడు పైని పడవలో కూర్చుండి, మరమనిషి వ్రేళ్లకు తగిలినదానిని తన వ్రేళ్లతో నెఱుగుచు, ఒక చిన్నపాత్రను పగులకుండ పైకి తెచ్చెను. 2022లో దాని తరువాతి రూపము 850 మీటర్లకు మించిన లోతునకు దిగెను. మూడువందల యేబదియేండ్లనాటి రాజుగారి పాత్రకొఱకు మనుష్యుడు మునుగనక్కఱలేకపోయెను. మన నగరములలో పదియడుగుల మురుగుగోతికొఱకు మాత్రము ఇప్పటికిని మనుష్యుడు మునుగుచున్నాడు. విషవాయువుచే నొకడు పడిపోవును. వానిని తీయబోయి రెండవవాడు పడిపోవును. వార్తాపత్రికలో నాలుగు పంక్తులు పడును. మఱునాడు మూత మూయబడును.

చట్టములు లేవా? కలవు. 1993లో నొకటి, 2013లో నొకటి పుట్టినవి. 2023 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము, మురుగుపనిలో మరణించినవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయల పరిహార మీయవలెననియు, ఈ పనియే క్రమముగా తుదముట్టవలెననియు తీర్పు చెప్పినది. బెజవాడ విల్సను జీవితమంతయు దీనికే ధారపోసి 2016లో మెగసెసే బహుమానము నందెను, కీర్తిశేషులు ఎస్. ఆర్. శంకరనుగారు తమ విశ్రాంతికాలమును ఈ యుద్యమమునకు సమర్పించిరి. యంత్రములు లేవా? అవియును కలవు. కేరళమున నలుగురు యువ ఇంజనీర్లు నిర్మించిన బాండికూటు అను యంత్రము 2018లో తిరువనంతపురమున మ్యాన్‌హోలులో దిగినది. పనివాడు పైన నిలిచి తెర చూచుచు దానిని నడుపును. హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకుసందులలో దూఱగల 70 చిన్న మురుగుశుద్ధి వాహనములను ప్రవేశపెట్టి, దళిత పారిశ్రామికులకు వానియందు స్థానము కల్పించినది. చట్టమున్నది, యంత్రమున్నది, త్రోవ చూపినవారున్నారు. లేనిది ఒక్కటే - ఆ గోతిలో దిగువాని ప్రాణము మన ప్రాణమువంటిదేయను స్పర్శజ్ఞానము.

ఈ మాట మేము అలంకారమునకై వ్రాయలేదు. స్పర్శయే దోషమని తరతరములు నమ్మిన సంఘము మనది. ఏ మనుష్యుల చేతులు మన మలినమును కడుగుచుండెనో ఆ చేతులనే మనము తాకరాదంటిమి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. గోతిలో దిగువాని కులము మాత్రము నేటికిని చాలవఱకు మాఱలేదు. ఇతరదేశములందు స్పర్శశాస్త్రము యంత్రమునకు స్పర్శ నేర్పుచున్నది. మనదేశమున నది యంత్రముతోపాటు సంఘమునకును స్పర్శ నేర్పవలసియున్నది.

ఇక ఆక్షేపణలను విచారింతము. యంత్రము వచ్చినచో కూలివాని కూడు పోవునని కొందఱందురు. ఈ భయము నిరాధారము కాదు. మరమగ్గము చేనేతను ఏమి చేసినదో మన గ్రామములే సాక్షి. కాని మరమగ్గము నేతగానిని తొలగించి వాని స్థానమున నిలిచినది. ఆసుయంత్రము నేతకుటుంబమునందే యుండి దాని నొప్పిని తొలగించినది. భేదము ఇనుమునందు లేదు, యాజమాన్యమునందున్నది. కావున మురుగుయంత్రము కాంట్రాక్టరు సొత్తుగాక, ఇంతకాలము గోతిలో దిగినవారి సహకారసంఘపు సొత్తు కావలెను. దానిని నడుపు విద్య వారికే మొదట నేర్పవలెను. అట్లు కానిచో, ప్రాణము నిలుపుటకు వచ్చిన యంత్రము కూడు తీయుటకు వచ్చినదగును.

బీదదేశము ఇంతటి వ్యయము భరింపలేదని మఱికొందఱందురు. 2018లో కేంద్రప్రభుత్వము ఇట్టి శాస్త్రములకై 3,660 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమము నొకదానిని ఆమోదించినది. మనుష్యునితో గలసి పనిచేయు యంత్రములకై ఢిల్లీ ఐ.ఐ.టి.లో ప్రత్యేకకేంద్రమే వెలసినది. కావున ధనము లేదనుట సరికాదు. ప్రదర్శనశాలలో నమస్కారముచేయు మరమనిషికి చప్పట్లు కొట్టి ఇంటికిపోవు మన యలవాటే వ్యయములన్నింటిలో పెద్దవ్యయము.

మూడవ యాక్షేపణ మాది. దానిని మేము దాచము. ఒంటిపై ధరించు యంత్రము ఒంటి రహస్యములను వినును. 2025లో మెటాసంస్థ అమ్మకమునకు దెచ్చిన మణికట్టు పట్టీ, చేతి కండరముల విద్యుత్సంకేతములను గ్రహించి, వ్రేలు కదలీకదలకముందే దాని యుద్దేశమును చదువుచున్నది. చేతులు పట్టుదప్పినవారికి ఇది వరమే కావచ్చును. కాని మన నాడీసంకేతములు పరదేశపు వర్తకుని ఖాతాపుస్తకమున చేరుట వరము కాదు. కర్మాగారపు యజమాని కూలివాని చేతికి పట్టీ తొడిగి, వాడెన్ని క్షణములు విశ్రమించెనో లెక్కించుట అంతకంటె వరము కాదు. ఇట్టి యాలింగనము ధృతరాష్ట్రకౌగిలి యగును; భీమునికి మాఱుగా నిలుపుటకు మనయొద్ద ఇనుపబొమ్మ లేదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేయబడినది. శరీరసంకేతములకు అందు విశేషరక్షణ కల్పింపబడవలెనని మేము కోరుచున్నాము.

మా కోరికలు సంగ్రహముగా నివి. తెలుగుదేశమునందలి ప్రతి పురపాలకసంఘమును, స్వాగతద్వారములకును దీపాలంకారములకును మునుపే, మురుగుయంత్రములకు తన బడ్జెటున ద్రవ్యము కేటాయింపవలెను. ఏ వార్డునందు మనుష్యుడు గోతిలో దిగెనో ఆ వార్డు సభ్యుడు సభయందు నిలిచి సమాధానము చెప్పవలెను. 2011 జనాభాలెక్కల ననుసరించి దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారికి పరికరములు చేయు ప్రభుత్వసంస్థ 1972నుండి కాన్పూరులో నున్నది. కాని కాన్పూరులో చేసిన పరికరము కందుకూరులో చెడినచో బాగుచేయువాడెవడు? ప్రతి ఐ.టి.ఐ.లోను, పాలిటెక్నికులోను ఈ మరమ్మతు నేర్పవలెను. కొనుగోలు సంఘములలో వికలాంగులకే సగము స్థానములీయవలెను; చెప్పు బిగువు కాలికే గదా తెలియును. ఇంజనీరింగు విద్యార్థి పట్టా పొందుటకు ముందు ఒక నెల నేతగానియొద్దనో, పారిశుధ్య కార్మికునియొద్దనో, అంధపాఠశాలయందో గడపవలెను. అచ్చట అతనికి లభించు ప్రశ్నములు ఏ గ్రంథాలయమునను లభింపవు. ఈ శాస్త్రమును తెలుగులో చెప్పుటకు మాటలు కావలెను. అవి పండితసభలలో మాత్రమే పుట్టవు. పదును, పట్టు, బిగువు, జారు, నునుపు, గరుకు - చేతిపనివారి నోట ఇట్టి మాటలెన్నియో యున్నవి, ఏరుకొనువారే కావలెను.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు యువకులకు మా మనవి యొక్కటి. మీ యూరి మురుగుగోతి మూతయొద్ద ఈ వారము ఒక్కసారి నిలువుడు. దానిలో దిగువారెవరో, వారి పేరేమో, వారికి పిల్లలెందఱో అడుగుడు. పురపాలక కార్యాలయమునకు బోయి యంత్రమున్నదా యని ప్రశ్నింపుడు. ఉన్నదన్నచో ఎక్కడనున్నదో చూపుమనుడు. తుప్పుపట్టియున్నచో ఎవరివలన పట్టెనో వ్రాయుడు, మేము ప్రకటింతుము. శాస్త్రజ్ఞులు ఇనుమునకు స్పర్శ నేర్పగలిగిరి. ఇనుముకంటె మన హృదయములు కఠినములని లోకమనకుండ చూచుకొనుట మన పని.